ఉప్పు తిన్న తీగలు – స్టార్టు కాని కార్ల కథ

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్రకు సంబంధించి ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర, దేవాలయాల చరిత్ర వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక గుమాస్తాను. 1973లో ఎల్.డి.సి.గా చేరి 2008లో పదవీ విరమణ చేసేవరకు నా చేతుల మీదుగా నడిచినవి ఫైళ్ళు, వోచర్లు, జీపు లాగ్ పుస్తకాలు. కనుక నాకు తెలిసిన చరిత్రే వ్రాస్తాను. పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల్లో మనందరినీ ఏదో ఒక రోజు రోడ్డు మీద దింపి నెట్టించిన పాత జీపులు, అంబాసిడర్ కార్ల చరిత్ర ఇది. అవి ఎందుకు స్టార్టు కాలేదు, ఎలా స్టార్టు చేసేవాళ్ళు అన్నదే ఇందులో ముఖ్య విషయం.

ఇది నవ్వుకునే విషయంగా కనిపించవచ్చు. కానీ బండి కదలకపోతే ఏమవుతుందో ఈ తీరంలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు.

జీపు, అంబాసిడర్ మన వైపు వచ్చిన వైనం

1950 ఆగస్టు 15న విశాఖపట్నం నుంచి విడదీసి శ్రీకాకుళం జిల్లాను ఏర్పరచారు. అంతకుముందు 1890ల దశకంలో రైలు వచ్చిన నాటి నుంచి మన వారికి దూర ప్రయాణమంటే రైలే, స్టేషను నుంచి ఊరికి ఎడ్లబండే. నౌపడ నుంచి పర్లాకిమిడి వైపు చిన్న రైలు నడిచేది. ఉద్దానం ఇసుక బాటల్లోకి మోటారు వాహనం పోవడమన్నది కొత్త జిల్లా వచ్చాక, ప్రభుత్వ జీపులతోనే పెరిగింది.

ఆ జీపు రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ బండికి వారసురాలు. 1945లో స్థాపించిన మహీంద్రా సంస్థ 1949 ప్రాంతం నుంచి బొంబాయిలో వాటిని బిగించడం ప్రారంభించింది. అంబాసిడర్‌ది బెంగాల్ పుట్టిల్లు. హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా పక్కన ఉత్తరపారలో, ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాపై దీన్ని తయారు చేశారు. 1950ల చివర మొదలైన ఆ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అర్ధ శతాబ్దానికి పైగా రూపం పెద్దగా మారకుండా నడిచింది.

చాలాకాలం దాని గుండె 1489 సీసీ పెట్రోలు ఇంజనే. అందుచేత ఒక సౌకర్యం కలిగింది. ఖరగ్‌పూర్‌లో నేర్చుకున్న మెకానిక్ కాశీబుగ్గలో షెడ్డు పెట్టినా పని ఆగేది కాదు. తరువాత డీజిల్ ఇంజన్లు వచ్చాయి. వాటికి నిప్పురవ్వతో పని లేదు, గాలి నొక్కుడు వేడికే నూనె మండుతుంది. నేను చెప్పేది పెట్రోలు బండ్ల సంగతి.

ఒక్క నిప్పురవ్వ కథ

పెట్రోలు ఇంజను తిరగాలంటే మూడు కావాలి: తగినంత పెట్రోలు, తగినంత గాలి, తగిన క్షణంలో నిప్పు. ఆ నిప్పు ఎక్కడి నుంచి వస్తుందో మా లాగ్ పుస్తకం వ్రాసే రోజుల్లో నాకు తెలియదు. మా డ్రైవరు గారు బోనెట్టు ఎత్తి చెప్పిన తరువాతనే తెలిసింది.

బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులే. ఆ కాస్త కరెంటు ప్లగ్గు కొన దగ్గర గాలిలోంచి దూకలేదు. అందుకని కాయిల్ అనే డబ్బాలో రెండు చుట్ల తీగ పెడతారు. ఒకటి దళసరి తీగ, కొద్ది చుట్లు. రెండవది సన్నని తీగ, వేలకొద్దీ చుట్లు. దళసరి తీగలో పారే కరెంటును ఒక్కసారిగా తెంపితే, సన్నని తీగలో వేల వోల్టుల కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. ఆ తెంపే పని చేసేవి డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు. తెంపినప్పుడు పాయింట్ల దగ్గర నిప్పు లేవకుండా ఆపేది కండెన్సరు. పుట్టిన పెద్ద కరెంటును ఏ సిలిండరు వంతు వస్తే ఆ ప్లగ్గుకు పంపేది రోటరు. అంబాసిడర్‌కైనా, జీపుకైనా ఆ వంతుల వరుస 1, 3, 4, 2. తీగలు పీకి మళ్ళీ పెట్టేటప్పుడు ఈ వరుస తప్పితే బండి దగ్గుతుంది, తుమ్ముతుంది గాని నడవదు.

ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే నాలుగు సిలిండర్లకూ కలిపి సెకనుకు 100 నిప్పురవ్వలు కావాలి. అన్నింటికీ ఆ చిన్న పాయింట్ల జతే ఆధారం. ఈ పద్ధతిని కార్లకు అమర్చినవాడు అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్. సెల్ఫ్ స్టార్టరు కూడా ఆయన పుణ్యమే. 1912 నాటి కెడిలాక్ కారులో అది వచ్చింది. అంతకుముందు అందరూ హ్యాండిలు తిప్పుకొనేవారే. మన అంబాసిడర్‌కూ, జీపుకూ సెల్ఫ్ ఉన్నా, ముందు హ్యాండిలు పెట్టే కన్నం మాత్రం ఉండేది. హ్యాండిలు తిప్పేటప్పుడు బొటనవేలు మిగిలిన నాలుగు వేళ్ళ పక్కనే ఉంచాలి. పిడికిలి బిగించి పట్టుకుంటే, ఇంజను వెనక్కు తన్నినప్పుడు బొటనవేలో, మణికట్టో విరిగేది. ఆ దెబ్బ తిన్నవాళ్ళు మన సంఘంలోనే ఉంటారు.

మన ఉప్పుగాలి

ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలు. పక్కనే సముద్రం. నౌపడ ఉప్పు కొఠార్లు ఎరుగని వారెవరు? భావనపాడు తీరాన సాయంత్రం పూట నిలుచుంటే కళ్ళద్దాల మీద ఉప్పు పొర పడుతుంది. ఆ పొర మనిషి కళ్ళద్దాల మీదే కాదు, బండి తీగల మీద కూడా పడుతుంది.

నాకు అప్పగించిన జీపు లాగ్ పుస్తకంలో ఒక సంగతి కొన్నేళ్ళకు గాని గమనించలేదు. "స్టార్టింగ్ ట్రబుల్" అని వ్రాసిన పద్దులలో అధిక భాగం ఆషాఢం నుంచి కార్తీకం వరకు, అందులోనూ సముద్రపు ఒడ్డు క్యాంపులకు వెళ్ళి వచ్చిన మరునాటివి. మెట్ట వైపు, పాతపట్నం వైపు వెళ్ళి వచ్చిన మరునాడు బండి మామూలుగానే లేచేది. ఇదేమి చిత్రమని డ్రైవరు గారిని అడిగాను. ఆయన నవ్వి అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఏటి గుమస్తా బాబూ, ఇంజనుకేటీ రోగం లేదు. తీగలు ఉప్పు తిన్నాయి. ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగక మానడు కదా. ఇవీ గాల్లో నీరు తాగుతున్నాయి."

ఇంతకంటె సరిగా ఏ ఇంజనీరూ చెప్పలేడు. ఉప్పుకు గాలిలో చెమ్మను పీల్చుకొనే గుణం ఉంది. తీగ కొసల మీద, డిస్ట్రిబ్యూటరు మూత మీద ఉప్పు, దుమ్ము కలిసిన పొర ఉంటే తెల్లవారు మంచుకు అది తడుస్తుంది. ప్లగ్గుకు చేరవలసిన వేల వోల్టుల కరెంటు ఆ తడి దారిన ఇంజను ఒంటిలోకి జారిపోతుంది. బ్యాటరీ కొసల వద్ద తుత్తినాగం లాంటి తెలుపు, చిలుము లాంటి ఆకుపచ్చ పేరుకుంటాయి. అన్నిటికన్న మోసకారి మరొకటి ఉంది. బ్యాటరీ నుంచి బండి ఒంటికి పోయే ఎర్తు పట్టీ. ఎవరి కంటా పడదు. అది తుప్పు పడితే బ్యాటరీ ఎంత కొత్తదైనా సెల్ఫ్ "టక్" మని ఊరుకుంటుంది.

నా చేతిరాతతో జరిగిన పొరపాటు

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. 1980ల మొదట్లో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో పాత అంబాసిడర్ ఒకటి ఉండేది. వర్షాకాలమంతా షెడ్డులో నిలబడిపోయింది. ఎంత తిప్పినా స్టార్టు కాలేదు. ప్లగ్గులు మార్చారు, కాయిల్ మార్చారు, బ్యాటరీ మార్చారు. ఆ బిల్లులన్నీ నేనే పాస్ చేయించాను. చివరకు ఇంజను పూర్తిగా పాడయినదనీ, మరమ్మతు ఖర్చు బండి విలువకు మించుననీ నోటు తయారు చేశాను. వ్రాసినది నా చెయ్యే. మా డ్రైవరు గారు అప్పటికే బదిలీ అయిపోయారు. ఇంకెవరినైనా అడుగుదామన్న ఆలోచన నాకు రాలేదు. వేలం జరిగింది. బండి తుక్కు ధరకు పోయింది.

కొన్న ఆయన జీడిపప్పు వ్యాపారం చేసుకొనేవాడు. బండిని తాడు కట్టి ఈడ్చుకుపోయాడు. మూడో నాడు అదే బండి నడుపుకుంటూ మా ఆఫీసు ముందునుంచి పోయాడు! ఆపి అడిగితే, "కండెన్సరు పోయిందండి, పాయింట్లు మాడిపోయి ఉన్నాయి" అన్నాడు. చిటికెన వేలంత వస్తువు. దాని ఖరీదు మేము మార్చిన కాయిల్ ఖరీదులో కొద్ది వంతు కూడా ఉండదు. ఆ కారు తరువాత చాలా ఏళ్ళు టాక్సీగా తిరిగింది. అది కనబడినప్పుడల్లా నేను తల పక్కకు తిప్పుకొనేవాడిని.

నాకు తెలిసివచ్చినదేమిటంటే, మేము ఖర్చుకు వెనుకాడలేదు, వరుసగా చూడలేదు. ఏ వస్తువు చెడిందో తెలుసుకోకుండా ఒకటి తరువాత ఒకటి మార్చాము. ఫైలులో ఒక కాగితం తప్పిపోతే ఫైలంతా తిరగరాస్తామా? పేజీ వరుసన చూసుకుంటూ పోయి ఎక్కడ తప్పిందో పట్టుకుంటాము. బండికీ అదే పద్ధతి. ఆ రోజునుంచి పట్టుదలగా ఆ పని నేర్చుకున్నాను.

వరుస తప్పకూడదు

మొదట గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో, హ్యాండ్ బ్రేకు వేసి ఉందో లేదో చూడండి. బ్యాటరీ దగ్గర చుట్ట, బీడీ పనికిరాదు. దానిలోంచి వచ్చే వాయువు అంటుకొనే స్వభావం కలది.

తరువాత హెడ్ లైట్లు వెలిగించి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మందగిస్తే బ్యాటరీ నీరసం. పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ కొస వదులైనా అయి ఉండాలి, చిలుమైనా పట్టి ఉండాలి. లైట్లు తగ్గకుండా వెలుగుతూ సెల్ఫ్ ఉలకకపోతే స్విచ్చి వైపో, స్టార్టరు వైపో చూడాలి. స్టార్టరు పళ్ళు ఇరుక్కుపోవడం కూడా ఉంది. అప్పుడు తాళం ఆపి, హ్యాండ్ బ్రేకు వదిలి, టాప్ గేరులో పెట్టి బండిని ముందుకు వెనుకకు ఊపితే విడిపోతుంది.

ఇంజను తిరుగుతోంది గాని అంటుకోవడం లేదంటే నిప్పు చూడాలి. ఒక ప్లగ్గు తీగ ఊడదీసి, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకొని, కొసను ఇంజను ఇనుముకు పావు అంగుళం దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించండి. చుట్టుపక్కల పెట్రోలు కారి ఉండకూడదు. నీలంగా, చిటపట శబ్దంతో దూకితే నిప్పు బాగున్నట్టు. పచ్చగా, సన్నగా ఉంటే బలహీనం. ఏమీ లేకపోతే కాయిల్ నుంచి మూత నడిమికి వచ్చే తీగతో అదే పరీక్ష చేయండి. అక్కడ ఉండి ప్లగ్గు దగ్గర లేదంటే దోషం మూతలోనో, రోటరులోనో. మూత లోపల పెన్సిలు గీతలా సన్నని నల్ల చార ఉందేమో వెలుతురులో చూడండి. ఆ చార ఒక పగులు, కరెంటు దానివెంటే పారిపోతుంది. అక్కడ కూడా నిప్పు లేకపోతే పాయింట్లు చూడండి.

పాయింట్లను సన్నని ఎమెరీ కాగితంతో తుడిచి, తెరచుకున్నప్పుడు వాటి మధ్య ఎడం 0.015 అంగుళం, అంటే సుమారు 0.4 మిల్లీమీటరు ఉండేలా చూడాలి. ఫీలర్ గేజి లేనప్పుడు దళసరి శుభలేఖ ముక్కతో సరిపెట్టుకొనేవాళ్ళు. ప్లగ్గు ఎడం 0.025 అంగుళం, సుమారు 0.6 మిల్లీమీటరు. హాక్సా బ్లేడు మందం అంతే ఉంటుంది. కొత్తగా తుడిచిన పాయింట్లు నాలుగు రోజుల్లోనే మళ్ళీ మాడితే కండెన్సరును అనుమానించండి. నేను అనుమానించనిది అదే!

నిప్పు బాగుంటే అప్పుడు పెట్రోలు సంగతి. వాసన గుప్పుమంటే ఎక్కువ తాగింది. చోక్ లోపలికి నెట్టి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. వైశాఖ జ్యేష్ఠాల్లో టెక్కలి దారిలో మధ్యాహ్నం బండి ఆగి మళ్ళీ లేవకపోతే పెట్రోలు గొట్టంలోనే ఆవిరి అయిందన్న మాట. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు చెట్టు నీడన కూర్చోవడమే మందు.

నెట్టి స్టార్టు చేయడం గురించి ఒక్క మాట. బ్యాటరీ కొంచెం నీరసంగా ఉంటే రెండో గేరులో నెడితే లేస్తుంది. బొత్తిగా చచ్చిపోతే ఊరంతా వచ్చి నెట్టినా లాభం లేదు. కాయిల్‌కు కావలసిన కరెంటు కూడా ఆ బ్యాటరీనే ఇవ్వాలి. మెల్లగా తిరిగే డైనమో ఇవ్వలేదు.

తిత్లీ తరువాత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి. తాతలు వేసిన జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. కరెంటు లేదు, ఫోను లేదు, బంకుల్లో పెట్రోలు తోడే దారి లేదు.

మా పక్కింటి ఆయన కిడ్నీ రోగి. మన ఉద్దానంలో ఆ రోగం ఎన్ని ఇళ్ళ దీపాలు ఆర్పిందో మీకు తెలుసు. ఆయన డయాలసిస్‌కు వెళ్ళవలసిన రోజు దాటిపోయింది. నాలుగో నాటికి దారికి అడ్డంగా పడిన చెట్లు కొంత తీశారు. ఆటోలలో పెట్రోలు లేదు. ఆయనకు ముఖం ఉబ్బింది, ఆయాసం పట్టుకుంది. మా వీధిలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుల వారి షెడ్డులో పాత అంబాసిడర్ ఉంది. ట్యాంకులో నాలుగైదు లీటర్ల పెట్రోలు ఉంది. కానీ స్టార్టు కాలేదు. కుర్రాళ్ళు నెట్టి నెట్టి అలిసిపోయారు.

రోగి భార్య నా దగ్గరకు వచ్చి, "బాబూ, మీరు జీపులాఫీసులో చేసినారు కదా, ఓపాలి సూడండి" అంది. నాకు కాళ్ళు వణికాయి. ఇరవై ఏళ్ళుగా ఇంజను ముట్టుకోలేదు. అయినా వరుస గుర్తుంది.

బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. ట్రాక్టరు బ్యాటరీ తెప్పించి బిగించాము. సెల్ఫ్ "టక్" మంది, అంతే. కొసల మీద వేడినీళ్ళు పోసి చాకుతో గీశాము. ఎర్తు పట్టీ బోల్టు విప్పి తుప్పు గోకి మళ్ళీ బిగించాము. ఇంజను తిరిగింది, అంటుకోలేదు. ప్లగ్గు దగ్గర నిప్పు లేదు. మూత తీశాను. లోపల, అన్నం వార్చిన గిన్నె మూతకు పట్టినట్టు నీటి బొట్లు! పొడి తువ్వాలుతో తుడిచి, మూతను, రోటరును పొయ్యి పక్కన కాసేపు ఉంచాము. ఈలోగా పాయింట్లు తుడిచాను. మళ్ళీ బిగించి తీగలు 1, 3, 4, 2 చూసుకొని పెట్టాను. మొదటిసారి దగ్గింది. రెండోసారి తుమ్మింది. మూడోసారి అందుకుంది. ఆ చప్పుడు విని రోగి భార్య వీధిలోనే కూలబడి ఏడ్చింది.

ఆ రోజు ఆయనకు డయాలసిస్ జరిగింది. తరువాత మరి రెండేళ్ళు మా మధ్య ఉన్నాడు. కూతురి పెళ్ళి తన చేతుల మీదుగా చేసి వెళ్ళిపోయాడు. ఒకనాడు నా చేతిరాతతో తుక్కుకు పోయిన కారు బాకీ కొంతైనా తీరిందని నేను అనుకున్నాను.

చివరి మనవి

మనలో కొందరి ఇళ్ళలో ఇంకా పాత బండ్లు ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలను తుక్కు చేస్తున్నారు. సొంత బండ్లకు ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషను పొడిగించుకొనే వీలుంది. ఉంచుకున్నవారు వారానికి ఒకసారి పావుగంట ఇంజను నడపండి. బ్యాటరీ కొసలను వంట సోడా కలిపిన నీటితో కడిగి, ఆరాక వాసెలీను పూయండి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. దానికి పాత రబ్బరు గొట్టాలు పాడవుతాయి, నీటిని కూడా పీల్చుకుంటుంది. కనుక గొట్టాలు మార్పించుకోండి, ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి నిలవ ఉంచకండి.

మీ మనవలకు కారు అమ్మినా అమ్మకపోయినా ఆ వరుస మాత్రం చెప్పండి. బండి మొండికేసిందని వాళ్ళు విసుక్కుంటే, అది ఎక్కడో ఉప్పు తిన్నదని, ఓపికగా ఒక్కొక్క తీగే చూసుకుంటూ పోతే దొరుకుతుందని చెప్పండి. నాకు ఆ మాట నేర్పిన డ్రైవరు గారు ఇప్పుడు లేరు. ఈ నాలుగు మాటలూ ఆయనకు నా నమస్కారంగా భావించ ప్రార్థన.